నా మూడు కాళ్ళ కుందేళ్ళు

జూన్ 3, మంగళవారం

మందుల కొట్టువాళ్ళు ఉచితంగా ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి ఇందులో సర్క్యూట్లే గీస్తున్నాను. మాటలు రాయడం ఇవాళే మొదలు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. ఫిర్యాదు ఆ మనిషి మీదే.

మా ఆవిడ తన పుస్తకాల బీరువా ఇచ్చేస్తుందట. వీధి చివర లైబ్రేరియన్‌కు ఫోన్ కూడా చేసేసింది. ఇరవై రెండో తారీకు, ఆదివారం, ఆయన బండి తీసుకుని వస్తాడు. ఇదంతా అయ్యాక నాకు చెప్పింది. అదీ కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతూ, పాలవాడు రేపు రాడు అన్నంత తేలిగ్గా.

"ఆ బీరువాలో మీ రేడియో డబ్బాలు పెట్టుకోవచ్చు లెండి."

"నా డబ్బాల సంగతి ఎవరడిగారు? ఎందుకిచ్చేయడం?"

"పేజీ తిప్పలేనిదానికి పుస్తకాలెందుకండీ? ఊరికే చూసుకోడానికి అవేమన్నా మనవల ఫోటోలా?"

రెండేళ్ళుగా ఆవిడ వేళ్ళ కీళ్ళు వాచి బిగుసుకుపోయాయి. గ్లాసు పట్టగలదు, తలుపు మోచేత్తో తోయగలదు. కాగితం దగ్గరే చిక్కు. ఒకటి తిప్పబోతే నాలుగు తిరుగుతాయి, లేకపోతే ఒక్కటీ తిరగదు. బావమరిది ఒకసారి పలక లాంటి కంప్యూటరు తెచ్చిపెడితే, "అద్దంలో మొహం చూసుకున్నట్టుందిరా" అని తిప్పి పంపింది. ఎవరో చదువుతుంటే వినే రికార్డులు తెచ్చాడు. "పాడైంది నా వేళ్ళు, కళ్ళు కాదు" అంది.

నేను తిప్పుతానన్నాను. పోయిన నెలలో తిప్పాను కూడా. నాలుగో రోజుకి ఉద్యోగం ఊడింది.

"మీరు పక్కన కూర్చుంటే చదివినట్టుండదండీ. పరీక్ష హాల్లో ఉన్నట్టుంటుంది."

నేను కాస్త ముందే తిప్పేవాణ్ణి, ఒప్పుకుంటాను. పైగా ఆ లావుపాటి నవల నేనెప్పుడో చదివిందే. నాయిక ఓడ ఎక్కే చోట ఆగలేక, "చూస్తూ ఉండు, వీడే అసలు దొంగ" అన్నాను. ఆవిడ నా వంక ఒక్క చూపు చూసి, పేజీలో తలపిన్ను పెట్టించి, పుస్తకం మూయించింది. ఆ పిన్ను ఇంకా అక్కడే ఉంది. నాయిక ఓడ ఎక్కింది. ఇంతవరకూ దిగలేదు.

అందుకని ఇవాళ అన్నాను: "యంత్రం చేసిపెడతాను. మీట నొక్కితే పేజీ తిరుగుతుంది. నువ్వు నొక్కుకో, నువ్వే చదువుకో."

"ఆ లైబ్రేరియన్ వచ్చేలోపు ఒక్క పేజీ తిప్పి చూపించండి. బీరువా గడప దాటదు" అంది. నవ్వుతూ అని ఉంటే బాగుండేది. నవ్వలేదు.

నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవాణ్ణి. పదో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా సోల్డరింగు పొగలో చదువుకున్నవాణ్ణి. పేజీ తిప్పడం ఒక లెక్కా?

(పై వాక్యం కింద గీత గీశాను. తర్వాత సిగ్గుపడాల్సి వస్తే వెతుక్కోనక్కర్లేదు.)

జూన్ 4, బుధవారం

యంత్రం ఇలా ఉంటుంది. వాలుగా నిలబడే చెక్క పీట మీద పుస్తకం. కుడి పేజీ అంచున చిన్న రబ్బరు చక్రం. అది తిరిగితే కాగితం ఉబ్బి లేస్తుంది. పుస్తకం కింది అంచు దగ్గర గడియారం ముల్లు లాంటి పుల్ల. అది కుడి నుంచి ఎడమకు ఊడ్చుకుంటూ వెళ్ళి, లేచిన కాగితాన్ని అవతలికి తోసి, కింద నుంచి చుట్టు తిరిగి మళ్ళీ తన చోటికి వస్తుంది. చక్రానికో మోటారు, ముల్లుకో మోటారు. రెండూ బొమ్మ కారులోవంత చిన్నవి.

ఎప్పుడు ఏది తిరగాలో చెప్పడానికి మైక్రోకంట్రోలర్. నేను దాన్ని బుర్ర అంటున్నాను. గోరంత చిప్పు, దానికి బోలెడు కాళ్ళు. తెలివైనదే, కాని జమీందారు తీరు. వేలెత్తి చూపిస్తుంది, బరువు ఎత్తదు. మోటారును నేరుగా దాని కాలికి కడితే కాలే కాలిపోతుంది. మధ్యలో ఆ వేలు కదలిక చూసి మోటారుకు కరెంటు వదిలే మేస్త్రీ కావాలి. ఆ మేస్త్రీయే ట్రాన్సిస్టరు.

మా రోజుల్లో జనం రేడియోనే ట్రాన్సిస్టర్ అనేవాళ్ళు. "మా ట్రాన్సిస్టర్ మూగబోయింది, చూడండి" అని తెచ్చేవాళ్ళు. నేను ట్రాన్సిస్టర్ విప్పి ట్రాన్సిస్టర్ మార్చి ట్రాన్సిస్టర్ చేతికిచ్చేవాణ్ణి. ఒకాయన తగువేసుకున్నాడు కూడా: "నాదే నాకిచ్చి, కొత్తది వేశానంటావేమిటయ్యా?"

ఎక్కడున్నాను? మేస్త్రీ. బిస్కెట్ల డబ్బా నిండా పాత మేస్త్రీలున్నారు. ఇంట్లో వంద మందిని పెట్టుకుని బజారుకెందుకు వెళ్ళడం? నల్లటి చిన్న 547 ఒకటి తీశాను. ఎన్ని రేడియోలను పాడించాడో వాడు.

జూన్ 6, శుక్రవారం

పొగ. చిన్నదే.

ఆవిడ వంటింట్లోంచి, "యంత్రం మొదలైందా?" అంది.

"ఆఁ, వేడెక్కుతోంది" అన్నాను. అబద్ధం కాదు.

ఆ చిన్నవాడు మోయగలిగింది వంద మిల్లీఆంపులు. నా మోటారు తాగేది రెండు వందలు, అదీ ఏ బరువూ లేకుండా గాల్లో తిరుగుతున్నప్పుడు. చక్రం కాగితాన్ని నొక్కగానే మోటారు బిగుసుకుంది. బిగుసుకున్న మోటారు నాలుగింతలు తాగుతుంది. అది గాల్లో తిరిగేటప్పుడు చూసి నేను లెక్క వేశాను. అల్లుడు కొత్తలో మొహమాటంగా తినడం చూసి నెలకు సరుకులు తెచ్చుకున్నట్టు.

మోటారు ఆపినప్పుడు అది వెనక్కి తన్నే కరెంటుకు దారి చూపించే డయోడు మాత్రం పెట్టాను. అది కూడా మర్చిపోయేంత ముసలివాణ్ణి ఇంకా కాలేదు.

(మొదటిసారి మర్చిపోయాను. డైరీకి తెలిస్తే తప్పులేదు.)

జూన్ 8, ఆదివారం

బావమరిది వచ్చాడు. నేను వాడికి పెట్టిన పేరు క్యాటలాగు. ప్రపంచంలో ఏ వస్తువు ఎక్కడ దొరుకుతుందో వాడికి తెలుసు. ఏదైనా చేసుకోవచ్చు అన్న సంగతి మాత్రం తెలీదు. వాడొచ్చేసరికి బల్ల మీద నా రెండో మేస్త్రీ ఉన్నాడు: పాత 3055, ఇనప బిళ్ళంత ఉంటాడు. యాంప్లిఫయర్లలో సింహంలా బతికినవాడు.

"బావా, ఇది పేజీ తిప్పడానికా, ఇల్లు జరపడానికా?"

"వంద మిల్లీఆంపులవాడు కాలిపోయాడు. అందుకని గట్టివాణ్ణి తెచ్చాను."

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం."

"నీకేం తెలుసోయ్? నొక్కు."

నొక్కాడు. మోటారు మూలిగి ఊరుకుంది. ఏనుగును లేపాలంటే గట్టిగా పొడవాలి; నా బుర్రకున్న బలం చీమ కుట్టినంత. ఆ సంగతి నాకు తెలియక కాదు. చూద్దామని.

"రెడీమేడ్ బోర్డు దొరుకుతుంది బావా. అగ్గిపెట్టంత. రెండు మోటార్లూ కట్టేసి..."

"నాకు రెడీమేడ్ వద్దు."

మా ఆవిడ పక్కగది నుంచే అంది: "వాదించకురా తమ్ముడూ. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు."

వాడు బల్ల మీంచి కాలిపోయిన 547ను రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురుకు పెట్టి, కాళ్ళు లెక్కపెట్టాడు.

"నిజంగా మూడేనక్కా!"

ఇద్దరూ ఎంతసేపు నవ్వారో. తోడబుట్టినవాళ్ళు ఒకేలా నవ్వుతారు, చివర్లో ఈల లాంటిది వస్తుంది. నాకు కోపం వచ్చింది. కాని ఆవిడ నవ్వు విని చాలా రోజులైంది, అందుకని కోపాన్ని రేపటికి వాయిదా వేశాను.

జూన్ 11, బుధవారం

ఇవాళ్టి కుందేలు: టిప్ 122. డార్లింగ్టన్ అంటారు. ఒక చొక్కాలో ఇద్దరు మనుషులు. ముందున్నవాడిని చీమ కుడితే చాలు, వాడు వెనకున్నవాణ్ణి కుమ్మేస్తాడు. బుర్ర బలం చాలింది. మోటారు తిరిగింది! ఆవిణ్ణి పిలిచి చూపించాను.

చక్రం కాగితం మీద మెల్లగా జారింది. ఇంకోసారి జారింది. కాగితం లేవలేదు.

"పేజీని తిప్పమంటే బుజ్జగిస్తోందేమిటండీ?"

కారణం తెలిసింది. ఈ ఇద్దరూ ఊరికే పనిచేయరు. దారిలో ఒక వోల్టు పైచిలుకు దళారీ సొమ్ము కింద వాళ్ళే తినేస్తారు. అదంతా వాళ్ళ ఒంట్లో వేడిగా పోతుంది. నేనిచ్చేది ఆరు వోల్టులే, అందులో మోటారుకు మిగిలేది నీరసం. పెద్ద వోల్టుల దగ్గర ఆ కమిషన్ లెక్కలోకి రాదు. మా ఇంటి సంసారంలో వస్తుంది.

జూన్ 12, గురువారం

"బుజ్జగిస్తోందేమిటండీ" గుర్తొచ్చి మొహం కడుక్కుంటూ నవ్వాను. నవ్వుతో వోల్టులు రావు.

జూన్ 14, శనివారం

విడిభాగాల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన నాకంటే రెండేళ్ళు చిన్న, నాకంటే చెవుడు ఎక్కువ. కుశల ప్రశ్నలే మాకు గంట పడుతుంది.

"మాస్‌ఫెట్ ఇవ్వవయ్యా."

"మీరా? మాస్‌ఫెట్టా?" అని కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "మొన్నటిదాకా దాన్ని ముట్టుకోనన్నారుగా!"

అన్నాను. ఎందుకంటే అది నాకు అర్థమయ్యే జాతి కాదు. పాతవాళ్ళు కూలి పుచ్చుకుని పనిచేసేవాళ్ళు: బేసు అనే కాలికి కాస్త కరెంటు ఇస్తేనే కదులుతారు. మాస్‌ఫెట్టు కూలి అడగదు. గేటు అనే కాలికి వోల్టేజీ చూపిస్తే చాలు, తలుపు తెరుస్తుంది. కూలి లేకుండా పనిచేసేవాళ్ళను నేను ఎప్పుడూ నమ్మలేదు.

540 అన్నది ఇచ్చాడు. ఇంటికొచ్చి దాని వివరాల కాగితం చదివాను. గేటు రెండు నుంచి నాలుగు వోల్టులకు తెరుచుకుంటుంది అని ఉంది. నా బుర్ర ఇచ్చేది అయిదు. ఇంకేం, సరిపోయింది! అక్కడితో చదవడం ఆపేశాను.

మోటారు తిరిగింది, కాని ఎద్దు ఇష్టం లేకుండా నడిచినట్టు. కాసేపటికి ట్రాన్సిస్టరు మీద వేలు పెట్టి చూశాను. పాత రిపేరువాళ్ళకు వేలే థర్మామీటరు. ఇప్పుడు ఆ వేలికి మందు రాసుకుని రాస్తున్నాను.

కాగితం మిగతాది చదివాను. నాలుగు వోల్టులంటే గడియ కదిలే చోటు. తలుపు బార్లా తెరవాలంటే పది కావాలి. నేను గడియ చప్పుడు విని తలుపు తీశారనుకుని లోపలికి నడిచాను. నుదురు వాచింది. అంటే వేలు.

ఆవిడ చూసి, "చూపించండి" అని తన వంకర వేళ్ళతో నా వేలు పట్టుకుని ఊదింది. "ఇంక నాకూ మీకూ సమానం."

జూన్ 15, ఆదివారం

క్యాటలాగు మళ్ళీ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో అగ్గిపెట్టంత బోర్డు, దానితోపాటు ఒక ప్రింటు కాగితం.

"అన్నీ ఇందులోనే ఉన్నాయి బావా. మోటారును అటూ తిప్పుతుంది, ఇటూ తిప్పుతుంది. నీ పద్ధతిలోనే చేసుకుంటానంటే ఈ కాగితం చూడు, బొమ్మ కూడా ఉంది. వారమే ఉంది మరి."

"వారం చాలు."

"అక్క కోసం బావా. నా కోసం కాదు."

"నేను మాత్రం ఎవరికోసం వేలు కాల్చుకున్నాననుకున్నావ్?"

వాడేమీ అనలేదు. వాడేమీ అనకపోతే నాకు ఓడిపోయినట్టుంటుంది. బోర్డును కవరుతో సహా డ్రాయరులో పడేశాను. వాడు చూస్తుండగానే.

ఆవిడ పేజీ తిప్పుకోవాలి, అంతే కదా నాకు కావలసింది? అంతే. ఎవరి బోర్డుతో తిరిగితేనేం? ఏమీ లేదు. కాని ఆ బోర్డు పెద్ద పీటకు పనికిరాదు. అంటే చిన్న పీటకు. అంటే నా పీటకు సరిపోదు. అదీ కారణం.

జూన్ 17, మంగళవారం

దొరికింది! కొట్టాయన అటకెక్కి వెతికి ఇచ్చాడు. చూడ్డానికి అన్నగారు 540లాగే ఉంటుంది, పేరులో ఒక్క అక్షరం తేడా. ఈ రకం చిన్న బుర్రల కోసమే పుట్టింది: అయిదు వోల్టులకే తలుపు బార్లా. రెండు కొన్నాను. చక్రానికొకటి, ముల్లుకొకటి. మోటారు పరిగెత్తింది. వేలు పెట్టి చూస్తే (ఎడమ చేతి వేలు) చల్లగా ఉంది.

బల్ల మీద పాత టెలిఫోను డైరెక్టరీ పెట్టి ప్రయత్నించాను. పేజీ తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఊళ్ళో సగం మందిని తిప్పేశాను.

క్యాటలాగు కాగితంలో బొమ్మ చూశాను, ఊరికే. అందులో గేటుకూ నేలకూ (అంటే సున్నా వోల్టుల తీగకు) మధ్య పదివేల ఓముల రెసిస్టరు ఒకటి ఉంది. బుర్ర ఏమీ చెప్పనప్పుడు గేటును కిందికి లాగి ఉంచడానికట. నవ్వొచ్చింది. ఏమీ చెప్పకపోతే ట్రాన్సిస్టరు ఊరుకుంటుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, పిలవనిదే పలకదు. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. దండగ.

"తిరుగుతోందా?" అని అడిగింది ఆవిడ.

"ఇంకొంచెం ఉంది."

ఏముంది ఇంక? ఏమీ లేదు. కాని ఆదివారం లైబ్రేరియన్ ఉంటాడు, క్యాటలాగు ఉంటాడు. అందరి ముందూ తిరిగితే ఆవిడకే గౌరవం. ఆవిడ కోసమే.

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం నీళ్ళ కోసం వెళ్తూ తలుపు సందులోంచి చూశాను. మంచం మీద కూర్చుంది. ఒళ్ళో ఆ నవల. పేజీ అంచు దగ్గర మొహం పెట్టి ఊదుతోంది. కాగితం కొంచెం లేచింది, మళ్ళీ పడింది. మళ్ళీ ఊదింది.

నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

అప్పుడే చూపించి ఉండాల్సింది. యంత్రం బల్ల మీదే ఉంది, గుడ్డ కప్పి.

జూన్ 20, శుక్రవారం

యంత్రాన్ని ఆవిడ గదిలోకి మార్చడానికి వీలుగా బుర్ర డబ్బా వేరు, పీట వేరు చేశాను. మధ్యలో తీగలకు పాత టేప్ రికార్డరు ప్లగ్గులు పెట్టాను. ముల్లుదాని ప్లగ్గు కాస్త వదులు. చాలు. రెండు గదుల దూరమేగా.

జూన్ 22, ఆదివారం

అంతా వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మారిపోతుంది.

లైబ్రేరియన్ తోపుడు బండి గుమ్మం దగ్గర ఆపి లోపలికొచ్చాడు. మర్యాదస్థుడు, చెప్పులు విడిచేటప్పుడు కూడా చప్పుడు చేయడు. క్యాటలాగు కుర్చీ లాక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి. ఆవిడ మోచేతులతో పుస్తకాలన్నీ అంచుకు జరిపి పెట్టింది, తీసుకోవడానికి వీలుగా. ఎప్పుడు జరిపిందో.

నేను గుడ్డ తీసి ఉపన్యాసం ఇచ్చాను. 547 త్యాగం దగ్గర మొదలుపెట్టాను. 3055 దగ్గరికి వచ్చేసరికి ఆవిడ, "నొక్కమంటారా, అది కూడా వాయిదానా?" అంది.

పీట మీద నవల, పిన్ను తీసి పెట్టాం. ఆవిడ పిడికిలితో మీట నొక్కింది. చక్రం తిరిగింది. కాగితం ఉబ్బి లేచింది, ఎంత అందంగా లేచిందో! ముల్లు కదల్లేదు. కాగితం కాసేపు నిలబడి, చుట్టూ చూసి, పడుకుంది.

మళ్ళీ నొక్కింది. లేచింది. ముల్లు కదల్లేదు. పడింది.

"బావా..."

"నోర్మూసుకోవోయ్."

మళ్ళీ. ఏడెనిమిది సార్లు. చివరికి ఆవిడ పిడికిలి మీట మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పోనీలెండి. చక్రం బాగా చేశారు."

ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

లైబ్రేరియన్ గొంతు సవరించుకుని, "అయితే ఇది కూడా తీసుకోమంటారా అమ్మా?" అని నవల కోసం చెయ్యి చాపాడు.

ముల్లు గిర్రున లేచి వచ్చి ఆయన వేళ్ళ మీద ఒక్కటిచ్చింది.

"అబ్బా!" ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ముల్లు ఆగిపోయింది.

ఎవరూ మీట నొక్కలేదు. అందరం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం. ఆయన మళ్ళీ, ఈసారి భయం భయంగా, చెయ్యి చాపాడు. మళ్ళీ ఒకటి.

"ఇది నాకివ్వనంటోందండీ!"

క్యాటలాగు లేచి, "నేను చూస్తానుండండి" అని చెయ్యి పెట్టాడు. వాడికీ ఒకటి పడింది. నాకు కొంచెం సంతోషం వేసింది, దాచను.

ఆవిడ ఇదంతా చూస్తోంది. ఎడమ పిడికిలితో మీట నొక్కింది. కాగితం లేచింది. అది పడిపోయేలోపు తన కుడి చెయ్యి, ఆ ముడుచుకుపోయిన చెయ్యి, ముల్లు దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళింది. దేన్నీ తాకలేదు. ఊరికే చూపించింది.

ముల్లు వచ్చింది. కాగితం కిందకి దూరింది. ఊడ్చుకుంటూ అవతలికి వెళ్ళింది. పేజీ తిరిగింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, కళ్ళజోడు మోచేత్తో పైకి తోసుకుని, వంగింది. కళ్ళు ఎడమ నుంచి కుడికి, ఎడమ నుంచి కుడికి కదులుతున్నాయి. మేం ముగ్గురం గదిలో ఉన్నట్టు ఆవిడకు గుర్తులేదు. లైబ్రేరియన్ చేతి వేళ్ళు రుద్దుకుంటూనే నిలబడ్డాడు.

"అమ్మయ్య" అంది కాసేపటికి. "దిగింది."

"ఎవరమ్మా?" అన్నాడు ఆయన.

"ఓడలో పిల్ల."

బీరువా గడప దాటలేదు. ఆయన్ను వట్టి బండితో పంపడం బాగుండదని, ఆవిడ నా పాత రేడియో పత్రికల కట్టలన్నీ ఎత్తించింది. నన్ను అడగలేదు. అడిగే మొహం కూడా నాకు లేదు.

జూన్ 23, సోమవారం

క్యాటలాగు "దయ్యమా బావా?" అని ఫోన్ చేశాడు. "కొత్త రకం" అన్నాను.

ఏం జరిగిందో ఇక్కడ రాసుకుంటాను. ప్లగ్గు ఊడింది. ముల్లు గేటు గాల్లో వేలాడింది. నా పాతవాళ్ళయితే తీగ ఊడితే చచ్చినట్టు పడుంటారు, కూలి అందలేదు కాబట్టి. మాస్‌ఫెట్టుకు కూలి అక్కర్లేదన్నానే, అందుకే దానికి ఎవరు పిలిచినా పిలుపే. గేటుకు కావలసింది కాస్త వోల్టేజీ నీడ. మనిషి చెయ్యి దగ్గరకొస్తే ఆ చేతిలో ఉండే పిసరంత విద్యుత్తు చాలు, యజమాని పిలిచాడనుకుని లేస్తుంది. అలా దారిన పోయేవాళ్ళ మాట వినకుండా గేటును నేలకు కట్టి ఉంచడానికే ఆ పదివేల ఓముల రెసిస్టరు.

ఎర్ర పెన్ను గీత కింద అది ఇంకా చక్కగా కనిపిస్తోంది.

పెట్టాను. ప్లగ్గు తీసేసి తీగలు సోల్డరు చేశాను. ఇప్పుడు మీట నొక్కితే చక్రం, వెంటనే ముల్లు, పేజీ. చెయ్యి ఎంత దగ్గరికి పెట్టినా కదలదు. రెసిస్టరు సంగతి క్యాటలాగుకు చెప్పాలి. వాడడిగితే చెబుతాను.

ఆవిడ చెయ్యి చూపించి చూసింది.

"ఇంక చేత్తో తిరగదా?"

"అది తప్పు కదా. సరిచేశాను."

"ఊఁ" అంది. సరిచేసినందుకు అంత చిన్న ఊఁ ఎప్పుడూ వినలేదు.

జూన్ 25, బుధవారం

చదువుతోంది. తలుపు చేరవేసుకుంది. హాల్లో కూర్చుంటే వినిపిస్తుంది: చక్రం గుర్రు, ముల్లు సర్రు, తర్వాత నిశ్శబ్దం. నిశ్శబ్దం పొడుగ్గా ఉంటే పాడైందేమోనని లేచి నిలబడతాను. ఒకసారి తలుపు తోసి చూశాను.

"పాడవలేదండీ. ఈ పేజీ బాగుంది. వెళ్ళండి."

వచ్చేశాను. మంచిదే. ఇందుకే కదా చేసింది. నాకు బోలెడు పని ఉంది. బిస్కెట్ల డబ్బాలో ట్రాన్సిస్టర్లు జాతులవారీగా సర్దాను.

జూన్ 26, గురువారం

డబ్బా మళ్ళీ సర్దాను.

జూన్ 27, శుక్రవారం

"ఏమండీ!"

పరిగెత్తాను. యంత్రం బాగానే ఉంది.

"ఒక్క పేజీ వెనక్కి తిప్పండి. ఆ ఉత్తరం ఎవరు రాశారో మర్చిపోయాను."

తిప్పాను. నోరు విప్పలేదు. ఉత్తరం రాసిందెవరో నాకు తెలుసు, అయినా విప్పలేదు. చదివి, తల ఊపింది. ముందుకు మీటే నొక్కుకుంది.

మోటారుకు ఒక్క ట్రాన్సిస్టరు పెడితే అది ఒకవైపే తిరుగుతుంది. రెండువైపులా తిరగాలంటే నాలుగు కావాలి, ఎదురెదురుగా రెండు జతలు, ఒకే పక్కన రెండు తలుపులూ ఒకేసారి తెరిచి నిప్పు పుట్టించకుండా. ఎడమవైపు ఇంకో చక్రం. లేకపోతే డ్రాయరులోని బోర్డు. అందులో ఆ నాలుగూ ఉన్నాయి. అటూ తిప్పుతుంది, ఇటూ తిప్పుతుంది. ఒక పూట పని.

రేపు చూద్దాం.

జూన్ 28, శనివారం

వెనక్కి నాలుగుసార్లు పిలిచింది. ఆవిడకు ఇంత మతిమరుపు ఎప్పుడూ లేదు. మా పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో ఇప్పటికీ చెబుతుంది.

బోర్డు సంగతి రేపు చూద్దాం.

జూన్ 29, ఆదివారం

క్యాటలాగు వచ్చి యంత్రం ముందు కూర్చుని పేజీలు తిప్పించుకుని చూశాడు. నిజంగా మెచ్చుకున్నాడు. నేను రెసిస్టరు సంగతి చెప్పేశాను కూడా, వాడు అడక్కపోయినా. వాడు ఎగతాళి చేయలేదు. అది ఇంకా కష్టం.

"వెనక్కెలా తిప్పుతావక్కా?" అన్నాడు లేవబోతూ. "బావా, నా బోర్డు పెట్టేయకూడదూ? ఒక్క గంట పని. ఏదీ అది?"

నేను నోరు తెరిచాను. ఏం చెబుదామని తెరిచానో ఇప్పటికీ తెలీదు. ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది:

"అది కాలిపోయిందిరా."

"కాలిపోయిందా? ఎలా?"

"మీ బావ చేతిలో ఏది కాలకుండా ఉంది?"

వాడు జాలిగా నా భుజం తట్టి, "ఇంకోటి తెస్తాలే బావా" అన్నాడు.

"వద్దులేరా" అంది ఆవిడ. "అది కూడా కాలుస్తారు."

వాడు వెళ్ళాక నా గదిలోకి వచ్చి డ్రాయరు తెరిచాను. బోర్డు అక్కడే ఉంది. కవరు అంచు కూడా చింపలేదు. కాసేపు చూసి డ్రాయరు మూశాను. కొంచెం గట్టిగా మూసినట్టున్నాను.

"నెమ్మది!" అంది ఆవిడ అవతలి గదిలోంచి. తర్వాత, "ఏమండీ, ఒక్క పేజీ."